రెండు రోజుల్లో పట్నం – తానీషా కోటకు మన దారి

మన సంఘ కుటుంబాలు ఏటా సెలవుల్లో కలిసి హైదరాబాదు చూడబోవడం వున్నదే. దొరికేవి రెండు రోజులు. నగరం వయస్సు నాలుగు వందల ఏళ్ళ పైమాట. ఎక్కడికి పోవాలి, ఏది ముందు, ఏది వెనుక అన్నది బస్సు ఎక్కిన తరువాత తేల్చుకుందామంటే తేలదు. నాలుగేళ్ళ క్రితం మేము చేసింది అదే. పిల్లలను వెంటబెట్టుకొని సరిగ్గా శుక్రవారంనాడు సాలార్‌జంగ్ మ్యూజియం గేటు ముందు నిలబడ్డాం. శుక్రవారం దానికి సెలవు. తప్పు మాదే, ఎవరినీ అడగలేదు.

ఈసారి నేను కాగితం మీద రాసుకోవడానికి కూర్చున్నందుకు మరో కారణం వున్నది. కిందటేడు బడి వార్షికోత్సవంలో పిల్లలు రామదాసు నాటకం వేశారు. మా మనవడికి బంటు వేషం ఇచ్చారు, కొరడా పట్టుకొనే బంటు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని, "దాదా, రామదాసును కొట్టింది మనవాళ్ళేనా?" అని అడిగాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు. భద్రాచలం చుట్టుపక్కల పుట్టి పెరిగిన మన పిల్లలందరికీ ఏదో ఒక రోజు యీ ప్రశ్న వస్తుంది. ఒక్క మాటలో జవాబు చెప్పి పంపడం నాకు చేతకాలేదు. గోలకొండ చూపిస్తూ చెబుదామని వాయిదా వేశాను.

కంచెర్ల గోపన్నది మన నేలకొండపల్లి. గోలకొండ చివరి సుల్తాను అబుల్‌హసన్ కుతుబ్‌షా 1672లో గద్దెనెక్కాడు. ఆయననే మనవాళ్ళు తానీషా అంటారు. ఆయన కొలువులో ప్రధాని మాదన్న, ఆయన అన్న అక్కన్న. గోపన్న వారికి మేనల్లుడని చెబుతారు. పాల్వంచ పరగణాకు తహశీల్దారు ఉద్యోగం ఆయనకు ఆ దివాణం నుండి వచ్చినదే. శిస్తు సొమ్మును ఖజానాకు కట్టకుండా భద్రాద్రి గుడికి ఖర్చు చేశాడన్నది అభియోగం. పన్నెండేళ్ళు ఖైదు అనుభవించాడనీ, రామోజీ లక్ష్మోజీ వచ్చి ఆరు లక్షలు చెల్లించి విడిపించారనీ మనకు తెలిసిన కథ. సర్కారు డబ్బుకు లెక్క అడగడం ఏ రాజ్యంలోనైనా జరిగేదే. అడిగిన రాజు ముసల్మాను, లెక్క అడిగించిన ప్రధాని బ్రాహ్మణుడు. నాటకంలో మాత్రం ఒక్కరి గడ్డమే కనిపిస్తుంది. మరి అదే తానీషా పేరు మీదనే కదా శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలైందని చెప్పుకుంటారు! నిజాముల కాలంలోనూ అది సాగింది, ఈనాటికీ ప్రభుత్వం పంపుతున్నది. ఇది మావాడికి ఎవరూ చెప్పలేదు.

సరే, ప్రయాణం సంగతి. భద్రాచలం నుండి రమారమి మూడు వందల కిలోమీటర్ల దారి. గురువారం రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి మూసీ ఒడ్డున ఇమ్లీబన్ బస్టాండు. రైలు కావాలంటే భద్రాచలం రోడ్డు స్టేషను కొత్తగూడెంలో వున్నది, పేరు చూసి గోదావరి ఒడ్డున వుంటుందని మోసపోయేవారు ఇప్పటికీ వున్నారు. ఈ రైలు పట్టాలకూ మనకూ ఒక చుట్టరికం వున్నది. 1870ల ఆరంభంలో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది. నిజాం రైల్వే 1889 నాటికి బెజవాడ చేరింది. నగరానికి వెళ్ళే రైళ్ళు చాలాకాలం మన సింగరేణి బొగ్గుతోనే పొగ వదిలాయి.

మొదటి రోజు శుక్రవారం గనుక చార్మినారు వైపే వుండాలి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నగరానికి పునాది వేసినప్పుడు నడిమధ్యన కట్టించినది చార్మినారు. హిజ్రీ లెక్కన అది వెయ్యో సంవత్సరం. ఆయన దక్కనీలో దివాను రాసిన కవి. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితం ఇచ్చాడు. పటాన్‌చెరువులోని అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగన అంకితమిచ్చిన యయాతి చరిత్ర మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం. తెలుగు మాట్లాడే ముసల్మానులం మనం కొత్తగా పుట్టలేదని పిల్లలకు తెలియాలంటే యీ రెండు పేర్లు చాలు.

లాడ్‌బజారులో ఆడవాళ్ళు గాజులు బేరమాడుతుండగానే మధ్యాహ్నం అయిపోతుంది. జుమా మక్కా మసీదులో. జనం ఎక్కువ, చిన్నపిల్లల చేతులు వదలవద్దు. దీనికి 1617లో మహమ్మద్ కుతుబ్‌షా పునాది వేస్తే, కట్టడం పూర్తయ్యేసరికి 1694 వచ్చింది. పూర్తి చేయించినది ఔరంగజేబు. అనగా ఆరంభించిన వంశాన్ని గద్దె దించినవాడు. ఆవరణలో ఆసఫ్‌జాహీల సమాధులు వున్నవి. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది మాత్రం ఇక్కడ కాదు, కింగ్ కోఠీ ఎదురుగా జూదీ మసీదులో. సాయంత్రం ఓపిక వున్నవారు పాతబస్తీ ఫతే దర్వాజా దగ్గర షా రాజు దర్గాకు పోయి ఫాతిహా చదివి రావచ్చు. గద్దెనెక్కక ముందు అబుల్‌హసన్ యీ పెద్దమనిషి శిష్యుడు.

రెండవ రోజు గోలకొండ. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే ముసలివారు మెట్లు ఎక్కలేరు. మూడు వందల పైచిలుకు మెట్లు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినబడుతుంది. పిల్లలు ఇక్కడే అరగంట తినేస్తారు, తిననివ్వండి. ఎక్కే దారిలోనే రామదాసు బందీఖానా. చీకటి గది, కప్పులో వెలుతురు వచ్చే కన్నం, గోడ మీద రాముడు, హనుమంతుడి బొమ్మలు. రామదాసే చెక్కాడంటారు. ఇంకా పైకి పోతే ఇబ్రహీం మసీదు, దానికి కాస్త ఎడంగా జగదాంబ అమ్మవారి గుడి. ఆషాఢంలో నగరపు బోనాలు మొదలయ్యేది ఇక్కడి నుండే. మసీదు, గుడి, జైలు, దర్బారు అన్నీ ఒకే కొండ మీద. మనవడికి నేను చెప్పవలసింది ఆ గది ముందే చెబుతాను.

ఎందుకంటే ఆ కథకు రెండో సగం ఎవరూ నాటకం వేయరు. 1686లో అక్కన్న మాదన్నలను గోలకొండలో నడివీధిలో నరికి చంపారు. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టింది. అబ్దుల్ రజాక్ లారీ అనే సర్దారు లంచానికి లొంగక, ఒంటినిండా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. చివరికి సెప్టెంబరులో లోపలివాడే ఒకడు రాత్రివేళ తలుపు తీశాడు. పట్టుకోవడానికి మొగలు సర్దారులు వస్తే తానీషా తొణకలేదు, నాస్తా తెప్పించుకొని తిని వారి వెంట నడిచాడని చరిత్రకారులు రాశారు. తీసుకుపోయి దౌలతాబాదు కోటలో పెట్టారు. సుమారు పన్నెండేళ్ళు ఖైదులోనే వుండి అక్కడే కన్నుమూశాడు. రామదాసుకూ పన్నెండేళ్ళు, రామదాసును ఖైదు చేసిన రాజుకూ ఇంచుమించు అన్నే.

మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పుకొని, నీళ్ళు తాగి మ్యూజియానికి. శనివారం కనుక తెరిచే వుంటుంది. మూసీ ఒడ్డునే, బస్టాండుకు దగ్గర. 1951లో నెహ్రూ ప్రారంభించినది. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మనూ, గంటగంటకు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారాన్నీ చూస్తే ఈ పూటకు చాలు. అంతా చూడాలంటే వారం పట్టవలసిందే. అయితే మ్యూజియానికి పోయే ముందు, కోటకు కిలోమీటరు దూరంలో కుతుబ్‌షాహీ సమాధులకు గంటసేపు కేటాయించాలి. ఆగాఖాన్ ట్రస్టువారు 2013లో మొదలుపెట్టిన బాగుచేత 2024లో ముగిసింది. గుమ్మటాలు, బావులు ఇప్పుడు చూడముచ్చటగా వున్నవి. మహమ్మద్ కులీ, ఆయన బిడ్డ హయాత్ బక్షీ బేగం, అల్లుడు, మనవడు అబ్దుల్లా, అందరూ అక్కడే.

కిందటిసారి మావాళ్ళలో ఒకరు అక్కడ తిరిగి తిరిగి, "మన తానీషా ఎక్కడున్నాడు?" అని అడిగారు. ఆయన అక్కడ లేడు. దౌలతాబాదుకు దగ్గరలో ఖుల్దాబాదులో వున్నాడు. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఔరంగాబాదు వరకు రైలులో పోయి, అక్కడి నుండి బస్సు ఎక్కాలి. రెండు రోజుల్లో అయ్యే పని కాదు. 1707లో చనిపోయిన ఔరంగజేబు సమాధి కూడా అదే ఊళ్ళో వున్నది.