చావు ఫోటో కూడా దస్తావేజే



ఐ.పోలవరంలో 'ఐ' అంటే ఐలాండ్. గోదావరి పాయల మధ్య లంక నేల. ఇలాంటి చోట సెంటు భూమికీ పోటీయే. ఏటి కోత, ఆక్రమణ ముందు మింగేది పేట శ్మశానాన్నే.

1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతల్ని పుస్తకంగా అచ్చువేశాడు. అందులో ఎక్కువగా దొరల పేర్లే. మన తాతల గోతుల మీద రాయే లేదు, రాత ఎక్కణ్ణుంచి వస్తుంది?

మనకున్నవి ట్రంకుపెట్టెల్లోని చావు ఫోటోలు. శవపేటిక చుట్టూ బంధువులు. ఈసారి మొహాలు కాదు, వెనక చూడండి. కాలవ గట్టు, తాటిచెట్టు, సిలువల వరస. సమాధుల తోట అప్పుడు ఎందాకా ఉండేదో అక్కడ తెలుస్తుంది. పెద్దల్ని అడిగి పేరు, సంవత్సరం ఫోటో వెనక రాయండి. ఎఫ్‌ఎంబీ, అడంగల్ పక్కన పెట్టి సరిచూడండి.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వాళ్లను ఊరి నడుమే పాతిపెట్టి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. 2014లో హైకోర్టు శిక్షపడ్డవాళ్లందర్నీ వదిలేసింది. సమాధులు మాత్రం సాక్ష్యం మార్చలేదు.

శ్మశానం పోతే ఆ సాక్షులూ పోతారు. ఈ ఆదివారం పెట్టె తెరవండి.