కడుపులోని కేశదంతములు: ఒక అపవాదు చరిత్ర

సుమారు నలువది యేండ్ల క్రిందట కుందూ నది యొడ్డున నున్న యొక గ్రామమున నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై చేరితిని. అచ్చట పెండ్లికాని యొక బాలికకు పొట్ట పెరుగుచుండెను. ఊరివారు అనగూడనివన్నియు అనిరి. పట్టణములో వైద్యులు ఎక్సురే తీసి, శస్త్రము చేసి, టెంకాయంత కణితిని వెలికిదీసిరి. అందు జిడ్డు, వెండ్రుకల చుట్ట, రెండు పండ్లు ఉండెను. ఈ వార్త యూరు చేరినంతట అపవాదు అణగలేదు సరికదా, రెట్టించెను. వెండ్రుకలును పండ్లును ఉన్నది శిశువు గాక మరేమని యడిగిరి.

రచ్చకట్టపై పెద్దలు నా యభిప్రాయము కోరిరి. కేశములు, గోళ్ళు, దంతములు, ఎముకలు తండ్రివలనను, మాంసము, రక్తము, మజ్జ, గుండె తల్లివలనను కలుగునని సుశ్రుతుని శారీరస్థానమున నున్నది. చదివిన మాట చదివినట్లు చెప్పితిని. అది యెవరి యింటిపై పిడుగై పడునో యోచింపనైతిని.

ఆ కణితి పేరు టెరటోమా. 1863లో జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, వికృతాకారమను నర్థముగల గ్రీకు పదమునుండి ఈ పేరు కల్పించెను. అంతకు పూర్వము యూరపువారును మనకంటె తెలివిగా మాటలాడలేదు. మ్రింగిన వెండ్రుకలని కొందరు, పీడకలల ఫలమని కొందరు, సైతానుతోడి సంగమమని కొందరు చెప్పుచుండిరి. వైద్యులలోను అనేకులకు అది చెడిన గర్భమనియే తలంపు.

ఈ తలంపును ఎదిరించినవారిలో లండనునందలి మాథ్యూ బెయిలీని నేను మిక్కిలి గౌరవింతును. ఆయన 1789లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. పండ్రెండు పదుమూడేండ్ల బాలిక మృతదేహమును పరీక్షింపగా అండాశయమున వెండ్రుకలును పండ్లును కనబడెను. అయినను ఆమె కన్యాలక్షణము చెడలేదు. గర్భాశయము పసిపిల్లదానివలె చిన్నదిగా నుండెను. కావున పురుష సంబంధము లేకయే యివి పుట్టగలవని ఆయన నిర్ణయించెను. నేను రచ్చకట్టపై నోరు విప్పుటకు రమారమి రెండువందల యేండ్ల ముందటి మాట యిది!

కారణము తరువాత తేలినది. పిండము కొన్ని వారముల వయసున నున్నప్పుడు, ముందు ముందు అండములుగానో శుక్రముగానో కావలసిన బీజకణములు వేరొకచోట పుట్టి, దేహమధ్యముగా నడచి తమ స్థానమునకు చేరును. వాటికి సర్వావయవములను పుట్టించు శక్తి యున్నది. దారి తప్పినవి ముడ్డిపూసవద్దనో, రొమ్ములోపలనో, మెదడునందో నిలిచి కణితి కావచ్చును. అప్పుడే పుట్టిన శిశువుల ముడ్డిపూసవద్ద సైతము ఇది కనబడును. పురుషుని వృషణమునందును పుట్టును. పురుషుని నెవరితో కలిసి గర్భము ధరించితివని అడుగుదుమా?

ఇక అండాశయపు సంగతి. 1975లో అమెరికాలో లిండరు, మెక్కా, హెక్టు అనువారు అట్టి కణితులలోని క్రోమోసోములను పరీక్షించి, అవి యన్నియు ఆ స్త్రీలవే యని చూపిరి. ఫలదీకరణము కాని అండము తనంత తానే విభజింప నారంభించును. వెండ్రుకయు, పన్నును, ఎముకయు తల్లివే. శిశువు మాత్రము కానేరదు. తండ్రి భాగము లేనిదే మాయ సరిగా నేర్పడదని 1984లో ఎలుకల పిండములపై చేసిన పరిశోధనలు తెలిపినవి. సుశ్రుతుడు తండ్రి పాలు వెదకినది పండ్లలో. అది మాయలో నుండెను.

అండాశయపు కణితి సాధారణముగ మెల్లగా పెరుగును. ఏండ్లు గడచినను నొప్పి యుండకపోవచ్చును. పంటియెముక ఎక్సురేలో కనబడును. నేడు స్కానింగువలన లోపలి జిడ్డు, వెండ్రుకలు కూడ తెలియును. తొడిమ మెలిపడినచో హఠాత్తుగా తీవ్రమైన నొప్పియు వాంతులును కలుగును. అప్పుడు దిగదుడుపులతో ప్రొద్దు పుచ్చరాదు. నూటి కొకటి రెండు పుండుగా, అనగా క్యాన్సరుగా మారును. యువకుల వృషణములో పుట్టునది ఇంకను ప్రమాదకరము. దానికి 1977లో ఐన్‌హార్ను ప్రకటించిన మందుల కూర్పులో ఒకటి వింబ్లాస్టిను, మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరునుండి తీసినది. ఆకులు నమలవలదు సుమా, అవి విషము.

మరియొక వింత. ఈ కణితిలో మెదడు ధాతువు ఉన్నప్పుడు, దానిపై లేచిన దేహరక్షణశక్తి అసలు మెదడునే బాధించి, భ్రమలు, మూర్ఛలు పుట్టించునని 2007లో డాల్మౌ అను వైద్యుడును ఆయన సహచరులును ప్రకటించిరి. కణితిని తీసి చికిత్స చేయగా అనేకులు కోలుకొనిరి. దయ్యము పట్టినదని మనము కొట్టించిన ఆడువారిలో ఇట్టివారెందరో!

చరకుని నిదానస్థానమున రక్తగుల్మ ప్రకరణము గలదు. అది స్త్రీలకు గర్భమువలె కనబడు ముద్ద. అవయవములుగా గాక మొత్తముగా కదలును. గర్భములేని దానిని గర్భిణి యనువారు మూఢులని చరకుడు తెగడెను. అదియు నేను చదివినదే. నాడు జ్ఞప్తికి రాలేదు.

1975నాటి సంగతిని కర్నూలు వైద్యకళాశాలలో చదివిన నా శిష్యుడు తెలిపెను. అంతట ఆ బాలిక తండ్రిని చూడబోతిని. ఆమె ప్రొద్దుటూరున కాపురముండి యిద్దరు బిడ్డలతల్లి యైనది. నేను చెప్పినదంతయు వృద్ధుడు విని, "అయ్యవారూ, ఈ మాట ఆ పొద్దు రచ్చకట్టకాడ చెప్పింటే బాగుండు" అనెను.