టీపాయ్ మీద లేసు గుడ్డ

మా హాల్లో టీపాయ్ మీద ఉన్న లేసు గుడ్డ అమ్మమ్మ అల్లింది. వాళ్లది నరసాపురం పక్క పల్లె. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో నేర్పిన ఈ అల్లిక, పోనుపోనూ విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. గడప దాటకుండా అల్లేది ఆడవాళ్లు, వ్యాపారం మగవాళ్లది. గంటల తరబడి అల్లినా దాన్ని తీరిక వేళ కాలక్షేపం అనేవారనీ, కూలీ కూడా అలాగే ఇచ్చేవారనీ జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాశారు.

అమ్మమ్మ కూడా "ఊరికే కూర్చోలేక అల్లానే" అనేది. నేనూ నమ్మేశాను. మొన్న సోఫా దిండుకి చిన్న లేసు అంచు అల్లబోతే వారం పట్టింది, మెడ పట్టేసింది. ఇప్పుడు ఎవరైనా "భలే ఉందే, ఎవరల్లారండీ?" అంటే, "మా అమ్మమ్మ చేసిన పని" అంటున్నాను.