దాచిన నీటికి హక్కుదారు ఎవరు? – సూరత్ అనుభవం

పదహారవ శతాబ్ది ఆరంభంలో, సూరత్ రేవు వర్ధిల్లుతున్న తొలి రోజులలో, మలిక్ గోపీ అనే ప్రముఖుడు ఆ నగరంలో ఒక పెద్ద తటాకాన్ని నిర్మింపజేశాడు. సముద్రపు పోటు తపతీ నది వెంట నగరం దాకా ఎగదన్నే ఆ చోట మంచినీటి నిల్వ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. గోపీ తలావ్ అని పేరొందిన ఆ చెరువును 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే, 1666లో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో చూసి తమ రచనలలో వర్ణించారు. కాలక్రమాన అది పూడిపోగా, నగరపాలక సంస్థ పునరుద్ధరించి 2015లో ప్రజలకు తిరిగి అందించింది. గుజరాత్‌లోని పాత పట్టణాలలో ఇళ్ల ముంగిలి కింద ‘టాంకా’ అనే సున్నపు తొట్టి కూడా ఉండేది. మిద్దెపై పడిన వాన నీరు అందులోకి చేరి, ఎండ తగలకుండా ఏడాది పొడుగునా నిలిచేది.

ఈ రెండింటి విషయంలోనూ హక్కును గురించిన సందేహం పుట్టదు. చెరువుకు గట్టు ఉన్నది, తొట్టికి గోడ ఉన్నది. చిక్కంతా గట్టూ గోడా లేకుండా, నేలలోని పొరలనే పాత్రగా చేసుకొని నీటిని దాచినప్పుడు వస్తుంది. ఒకరు ఇంకించిన నీరు పొలిమేర దాటి మరొకరి బోరుబావిలో తేలితే అది ఎవరి సొత్తు? దాచేందుకు ఎవరి అనుమతి కావాలి? తోడేందుకు ఎవరిది కావాలి?

భారత శాసనాలలో ఈ ప్రశ్నకు మూలం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. అది మొదట అమలైన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి, కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడే దాని పరిధిలోకి వచ్చాయి. సూరత్ భాగమైన బొంబాయి రాజధానికి అది 1891లో వర్తించింది. నిర్ణీత ప్రవాహమార్గం లేని నీటిని, అది నేల మీదిదైనా నేల కిందిదైనా, తన హద్దులలో సేకరించి వినియోగించుకొనే హక్కు భూస్వామికి ఉందని ఆ చట్టపు ఏడవ సెక్షను ఉదాహరణపూర్వకంగా తెలుపుతుంది. బ్రిటిష్ న్యాయస్థానాలు 1843లోనూ 1859లోనూ ఇచ్చిన తీర్పుల ఛాయ ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. భూగర్భంలో నీటి నడక అంతుపట్టని రహస్యమని భావించిన కాలపు ఆలోచన అది. భూగర్భ జలశాస్త్రం ఎంతో ముందుకు సాగినా చట్టంలోని ఆ భావన మాత్రం కదలలేదు.

దాని ఫలితాన్ని సూరత్ వజ్రాల వర్తకుల ఉద్యమంలో చూడవచ్చును. వారిలో అధిక సంఖ్యాకులు సౌరాష్ట్ర గ్రామాల నుండి వలస వచ్చిన రైతు కుటుంబాలవారు. 1985–87 మధ్య వరుస కరువులతో ఆ గ్రామాలలో బావులు ఎండిపోయాయి. పాండురంగ శాస్త్రి ఆఠవలే ప్రబోధించిన స్వాధ్యాయ ఉద్యమ ప్రభావంతో రైతులు పొలాల మీద పారే వాన నీటిని చిన్న గుంటలో తేర్చి, తమ బావులలోకి మళ్లించసాగారు. ఇందుకు ఎవరి అనుమతీ అవసరం కాలేదు. నిర్ణీత మార్గం లేని నీరు కదా! తరువాత 1998 ప్రాంతంలో మథుర్ భాయ్ సవానీ చొరవతో సూరత్‌లో సౌరాష్ట్ర జలధారా ట్రస్టు ఏర్పడింది. ఆయన స్వగ్రామమైన ఖోపాలాలో వర్తకుల విరాళాలతో, గ్రామస్థుల శ్రమతో వాగుల మీద చెక్‌డ్యాములు వెలిశాయి.

వాగుకు మాత్రం నిర్ణీత మార్గం ఉన్నది. అందులోని నీటిపై ప్రభుత్వానిదే అదుపు. ఇదే తరహా ప్రయత్నానికి రాజస్థాన్‌లో ఎదురైన అనుభవం వేరు. అల్వర్ జిల్లా లావా కా బాస్‌లో గ్రామస్థులు కట్టుకున్న ఆనకట్టను 2001లో నీటిపారుదల శాఖ అక్రమ నిర్మాణమన్నది. గుజరాత్ ప్రభుత్వం తెలివిగా మరో దారి తొక్కింది. 2000లో సర్దార్ పటేల్ పేరిట భాగస్వామ్య జలసంరక్షణ పథకాన్ని ప్రారంభించి, వ్యయంలో 60 శాతం తాను భరించి 40 శాతం ప్రజలకు వదిలింది. అనుమతి వివాదం ఆ విధంగా అంచనాల మంజూరుగా మారిపోయింది. కచేరీల పద్ధతి ఎరిగినవారు ఈ మార్పులోని నేర్పును మెచ్చుకోకుండా ఉండలేరు.

అయితే నేలలోకి దిగిన నీటి సంగతి ఆ మంజూరు పత్రాలు తేల్చలేదు. పాత చట్టమే దానిని తేల్చింది. పైన భూమి ఎవరిదో, బావి ఎవరిదో, నీరు వారిది. విరాళమిచ్చిన వర్తకునికి గానీ, మట్టి మోసిన భూమిలేని కూలీకి గానీ దానిలో వాటా అంటూ లేదు. లోతైన బోరు ఎవరికి ఉంటే వారికే పెద్ద పాలు. పైగా వాగులు ఎక్కడికక్కడ ఆగిపోతే దిగువ జలాశయాలకు రాక తగ్గుతుందని జలశాస్త్రజ్ఞులు హెచ్చరించారు. దిగువవారి సమ్మతి అడిగే ఏర్పాటు కూడా ఆ పథకంలో లేదు.

తెలుగు సీమలో పూర్వులు ఈ విషయాన్ని మరోలా చూశారు. సొంత ధనంతో చెరువో బావో తవ్వించిన వానికి రాయలసీమలో దశబంధ మాన్యం ఇచ్చేవారు. దానిని అనుభవించే కుటుంబానికి చెరువు మరమ్మతు విధిగా సంక్రమించేది. నీటిపై యాజమాన్యం కాదు గానీ, నీరు నిలిపిన శ్రమకు గుర్తింపు, దానికి తగిన బాధ్యత, రెండూ ఒకే పత్రంలో ఉండేవి. 1858 తరువాత మద్రాసు రాజధానిలో జరిగిన ఇనాం విచారణలో ఈ మాన్యాలు కూడా లెక్కకు వచ్చాయి.

భూగర్భ నిల్వకు సమగ్రమైన అనుమతి విధానం అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో ఉంది. అక్కడ 1986లో మొదలై 1994లో స్థిరపడిన శాసనాల ప్రకారం ఇంకుడు క్షేత్రానికి ఒక అనుమతి, నీటిని దాచేందుకు ఒకటి, తిరిగి తోడే బావికి మరొకటి పొందాలి. దాచే నీటిపై తనకు హక్కు ఉన్నదనీ, ఇరుగు పొరుగు భూములకు హాని కలగదనీ దరఖాస్తుదారు నిరూపించాలి. అప్పుడే దాచిన పరిమాణానికి ఖాతాలో జమ పడుతుంది. దీర్ఘకాల నిల్వలో సాధారణంగా 5 శాతాన్ని భూమికే విడవాలి. ఈ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం కష్టం. ప్రతి బావికీ కొలమానం ఉన్నచోట నడిచే విధానం అది.

మన శాసనాల చూపు ఎక్కువగా తోడకం మీదనే నిలిచింది. సుప్రీంకోర్టు ఆదేశంపై 1997లో కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బావుల నమోదును విధించి, సార్వజనిక మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావికి అనుమతి తప్పనిసరి చేసింది. 2013 నాటి గుజరాత్ చట్టం 45 మీటర్లకు మించిన గొట్టపు బావులకు లైసెన్సు కోరింది. ఇంకించే చర్య విషయంలో స్పష్టమైన నిషేధం ఒకటే. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు శుద్ధి చేసినదైనా చేయనిదైనా వ్యర్థజలాన్ని భూగర్భ పొరలలోకి పంపరాదన్నాయి. రంగుల అద్దకం పరిశ్రమగా వర్ధిల్లిన సూరత్‌లో ఈ వాక్యానికి ఉన్న బరువు వేరు. కలిసిన మలినాన్ని భూమి నుండి తిరిగి తీయడం దాదాపు అసాధ్యం.

2024 సెప్టెంబరు 6న సూరత్‌లోనే ‘జల్ సంచయ్ జన్ భాగీదారీ’ కార్యక్రమం ఆరంభమైంది. గుజరాత్‌లో దాదాపు 24,800 వాననీటి నిర్మాణాలు దాని తొలి లక్ష్యం. నగరంలో స్థిరపడిన ఇతర రాష్ట్రాల వ్యాపారులు తమ స్వగ్రామాలలో ఇంకుడు బోర్లు వేయించాలన్న పిలుపు కూడా అక్కడి నుంచే వచ్చింది. దేశవ్యాప్తంగా సాగిన తొలి విడత కృషికి 2025 నవంబరులో పురస్కారాలు ఇచ్చినప్పుడు రాష్ట్రాలలో ప్రథమ స్థానం తెలంగాణకు దక్కింది. సూరత్ మరమగ్గాల పేటలలోని వేలాది పద్మశాలీ కుటుంబాలకు ఆ రాష్ట్రమే పుట్టినిల్లు. అక్కడి నుంచి డబ్బు పంపి స్వగ్రామంలో ఇంకుడు బోరు వేయించే నేతకారునికి ఆ నీటిలో ఏ భాగం ఉంటుందో, పదేళ్ల తరువాత ఆ బోరు పూడిక ఎవరు తీయాలో చెప్పే పత్రం ఒక్కటీ ఇంకా రూపొందలేదు.