రుద్రేశ్వరద్వయము: హనుమకొండనుండి పాలంపేటకు

ప్రాచీనస్థలములను జూడఁగోరువారు నేఁడు మార్గదర్శి నపేక్షింపక, తమ కారును దామే నడుపుకొని పోయి, యిచ్చ వచ్చినచోట నిలిచి చూచుచున్నారు. ఇది మెచ్చఁదగిన పద్ధతియే. కాని దారి తెలిసినంతమాత్రమునఁ జరిత్రము తెలియదు. దానికి శాసనమే మార్గదర్శి. హనుమకొండనుండి ములుగుమీఁదుగాఁ బాలంపేటకుఁ బోవు సుమారు 70 కిలోమీటర్ల దారి యిందులకు నిదర్శనము.

మొదట నిలువవలసినది హనుమకొండలోని వేయిస్తంభముల గుడి. ఇందలి శాసనము శా. శ. 1084, అనఁగా క్రీ. శ. 1163 నాఁటిది, రచయిత యచింతేంద్రుఁడు. కాకతీయ రుద్రదేవుఁడు రుద్రేశ్వరుని, వాసుదేవుని, సూర్యుని నిచటఁ బ్రతిష్ఠించెనని యది తెలుపుచున్నది. ఆలయము త్రికూటమైన కారణము దీనివలనఁ దేటపడును.

పిదప సమీపముననే యున్న యోరుగంటికోటను జూడవలెను. ఈ నగరము 1323లో ఢిల్లీసేనలకు లోఁబడినది. శిథిలమైన స్వయంభూదేవాలయప్రాంగణమునకు నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నేఁటికిని నిలిచియున్నవి.

అచటినుండి మరల ములుగుదారిఁ బట్టి పోఁగాఁ బాలంపేట వచ్చును. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తించిన యాలయ మిదియే. రామప్ప యను శిల్పిపేర నీ గుడి ప్రసిద్ధి కెక్కెనని జనశ్రుతి. శా. శ. 1135, అనఁగా క్రీ. శ. 1213 నాఁటి యిచటి శాసనము మాత్రము దేవుని రుద్రేశ్వరుఁ డనియే పేర్కొనుచున్నది.

ఇచ్చటనే నేను బొరపడితిని. రెండుచోటులను దేవునిపేరు రుద్రేశ్వరుఁడే కావున, రెండాలయములును రుద్రదేవునివే యని పెక్కేండ్లు శిష్యులకుఁ జెప్పితిని. రుద్రదేవుని పాలనము 1195లో ముగిసినది. పాలంపేట ప్రతిష్ఠ యటుపిమ్మటఁ బదునెనిమిదేండ్లకు జరిగినది. ప్రతిష్ఠాపకుఁడు గణపతిదేవుని సేనాని యైన రేచెర్ల రుద్రుఁడు.

నా పొరపాటునకు మూలము సమాసమును సరిగా విడఁదీయకపోవుట. ‘రుద్రుఁడే యీశ్వరుఁడు’ అని కర్మధారయముగాఁ గొన్నచో శివుని పేరు మాత్రమే తెలియును; ప్రతిష్ఠాపకుఁడు మఱుఁగుపడును. ‘రుద్రునిచేఁ బ్రతిష్ఠితుఁడైన యీశ్వరుఁడు’ అని మధ్యమపదలోపముగాఁ గ్రహింపవలెను. ప్రతిష్ఠించినవాని పేరు దేవునికిఁ జెల్లుట యాకాలపు టాచారము. లోపించిన యా పదమునందే చరిత్ర మున్నది. దానిని విడిచినచో, కష్టకాలమునఁ గాకతిరాజ్యభారమును వహించిన యొక సేనాని కీర్తి, మన యజాగ్రత్తవలన, వేఱొకరికిఁ బోవును.

కావున బాలురఁ దోడ్కొని పోవు పండితులకు నా విన్నప మొక్కటి. ఈ దారిని శాసనముల కాలక్రమముననే నడువుఁడు. గుడి చొచ్చుటకు ముందు శాసనస్తంభమునొద్ద నిలిచి, సంవత్సరమును, బ్రతిష్ఠాపకుని పేరును బాలురచేతనే చెప్పింపుఁడు. నేను జెప్పిన తప్పు వారి నోటఁ గొనసాగకుండుటకు నింతకన్న మార్గము లేదు.