పడవ కంపు

సర్వీసంతా సరుకు ఓడల ఇంజన్ రూముల్లో గడిపినవాణ్ణి. అందుకే ఓడ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది నీలి సముద్రం కాదు, వాసన. డీజిలు, వేడెక్కిన పెయింటు, వాటి అడుగున ఎప్పుడూ కాస్త కుళ్ళిన గుడ్డు. రిటైరై విశాఖలో స్థిరపడ్డాక ఆ చివరిదానితో నాకు పనిలేదనుకున్నాను. అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని అనపోలిస్‌లో ఉండే మా మేనల్లుడు చెసపీక్ అఖాతంలో తిరగడానికి 1970ల నాటి పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు చూపిస్తానని తీసుకెళ్ళి, లోపలికి దిగుతూనే, "మావయ్యా, అన్నీ బాగున్నాయి గానీ ఈ కంపొక్కటే చావట్లేదు. ఎన్ని మందులు పోశానో!" అన్నాడు. పోసినవన్నీ నీలిరంగు మందులు, పూల పరిమళంతో. మల్లెపూల మాటున వచ్చే మురుగు కంపు ఉత్త మురుగు కంపుకన్నా ఘోరం.

నేను మూడు నాలుగు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టేసరికి వాడు విసుక్కున్నాడు. నా మటుకు నాకు ఈ విషయం అక్కణ్ణుంచి చెబితేనే తెలుస్తుంది.

తెరచాప ఓడల కాలంలో నావికులకు మరుగుదొడ్డి ఓడ ముందుకొమ్ము మీద ఉండేది. పక్షి ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆ భాగంలో కన్నాలున్న చెక్కపీటలు బిగించేవారు. కింద సముద్రమే. 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోంలో మునిగి, 1961లో పైకి తీసిన వాసా ఓడలో ఆ పీటలు ఇప్పటికీ చూడొచ్చు. ముందు భాగమే ఎందుకంటే ఆ ఓడలు ఎక్కువగా గాలిని వెనకనుంచి, పక్కవాటుగా అందుకొని సాగేవి. కంపు ముందుకే కొట్టుకుపోయేది. ఎగిరిపడే అలలు పీటల్ని కడిగేవి. ఆఫీసర్లకు మాత్రం వెనక భాగంలో, అద్దాల గదుల పక్కన, తలుపున్న చాటు ఉండేది. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడలో ఎనిమిది వందల పైచిలుకు మంది ఉన్నారు. మామూలు నావికుల పీటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తుపానులో, చీకట్లో, జబ్బుతో ఉన్నవాడు అంతదూరం పోయి ఆ తడిపీట మీద కూర్చుంటాడా? కూర్చోడు. ఓడ అడుగుకే పోయేది అంతా.

ఓడ అడుగున ఇసుకో, గులకరాళ్ళో బరువు కోసం పోసి ఉండేవి. కారిన నీళ్ళు, ఒలికిన బీరు, చచ్చిన ఎలుకలు, మనుషుల మలమూత్రాలు అన్నీ చేరేది ఆ రాళ్ళ సందుల్లోకే. 1545లో మునిగిన ఇంగ్లీషు ఓడ మేరీ రోజ్‌ను 1982లో పైకి తీసినప్పుడు దాని వంటపొయ్యి కూడా అడుగునే, ఆ రాళ్ళమీదే బయటపడింది. వంట ఎక్కడ, మురుగు ఎక్కడ! ఈ అడుగునీటి నుంచి వచ్చే ఆవిరికి వెండి వస్తువులు నల్లబడేవి. తెల్ల సీసం పెయింటు కూడా నల్లబడేది. పంపు గోతిలోకి దిగిన వడ్రంగి స్పృహ తప్పి పడిపోయేవాడు, కొందరు మళ్ళీ లేవలేదు. అదంతా కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పని. వాళ్ళకి పేరు తెలియదు, పని తెలుసు.

1741 ప్రాంతంలో ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు దీనిమీద పడ్డారు. టెడింగ్టన్ ఊరి చర్చిలో ఫాదరీ స్టీఫెన్ హేల్స్ (చెట్లలో రసం ఎలా ఎక్కుతుందో, గుర్రంలో రక్తం ఎంత ఒత్తిడితో పారుతుందో కొలిచిన మనిషి) కొలిమితిత్తుల్లాంటి పెద్ద చెక్కపెట్టెలు చేశాడు. మనుషులు మీటలు ఆడిస్తే ఓడ అడుగు గాలి బయటికి, బయటి గాలి లోపలికి. స్వీడన్‌లో ట్రీవాల్డ్ అనే ఇంజనీరు ఇలాంటిదే తయారుచేశాడు. నాకు బాగా నచ్చేది మూడోవాడు, లండన్‌కు చెందిన శామ్యూల్ సటన్. ఆయన ఓడ అడుగు నుంచి గొట్టాలు లాగి వంటపొయ్యి కింద కలిపాడు. పొయ్యి మండాలంటే గాలి కావాలి. ఆ గాలిని అడుగునుంచే పీల్చుకోమన్నాడు. మనిషి కష్టం లేదు, అదనంగా ఒక్క కర్ర కాల్చక్కర్లేదు. అయినా నౌకాదళం పెద్దలు ముందు నవ్వారు. ఓడల్ని పర్యవేక్షించే జేకబ్ ఆక్‌వర్త్ అనే అధికారి అడ్డం పడ్డాడు. చివరికి 1750లలో హేల్స్ పెట్టెలు బ్రిటిష్ ఓడల్లోకి ఎక్కాయి. కెప్టెన్ కుక్ తన రెండో యాత్రలో (1772–75) ఓడ లోపల నిప్పు కుంపట్లు పెట్టించాడు, వెనిగర్‌తో కలిపిన తుపాకిమందు పొగ వేయించాడు. ఆ పద్ధతుల మీద రాసిన వ్యాసానికే 1776లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. కంపే జబ్బు తెస్తుందని వాళ్ళ నమ్మకం. అది తప్పు. అయినా చేసిన పని సరైందే: గాలి ఆడనిచ్చారు.

తరవాత మరుగుదొడ్డి నీటిమట్టం కిందికి దిగింది. చేతిపంపు, కవాటాలు, పింగాణీ బేసిన్. ఇంగ్లండులో బ్లేక్ కంపెనీ వాళ్ళ కంచు పంపులు, అమెరికాలో విల్కాక్స్ క్రిటెండెన్ వాళ్ళవి, ఇప్పటికీ పాత పడవల్లో పనిచేస్తున్నాయి. ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ తీరంలో యూ-1206 అనే జర్మన్ జలాంతర్గామి మునిగింది. లోతులో కూడా పనిచేసే కొత్తరకం టాయిలెట్ అందులో ఉండేది. దాని కవాటాలు తప్పుడు వరసలో తిప్పారనీ, సముద్రం లోపలికొచ్చి బాటరీల మీద పడి క్లోరిన్ పుట్టిందనీ చెప్పుకుంటారు. కెప్టెన్ మాత్రం మరమ్మతులో జరిగిన పొరపాటని అన్నాడు.

పంపు కొట్టినంత కాలం మురుగు సముద్రంలోకే పోయేది కాబట్టి కంపు పడవలో నిలవలేదు. నిలవడం మొదలైంది చట్టంతో. అమెరికా 1972లో నీటి కాలుష్య చట్టాన్ని తిరగరాసింది. 1975లో కోస్ట్‌గార్డ్ నియమాలు వచ్చాయి, 1980 జనవరి నాటికి పాత పడవలకూ వర్తించాయి. తీరానికి మూడు నాటికల్ మైళ్ళ లోపల శుద్ధి చెయ్యని మురుగు వదలకూడదు. శుద్ధి యంత్రమైనా పెట్టుకో, టాంకులో దాచుకొని ఒడ్డున పంపు చేయించుకో. (బిగించిన టాయిలెట్ ఉంటేనే ఈ నియమం. బకెట్ వాడేవాడి జోలికి చట్టం రాలేదు.) ఒడ్డున పంపుల కోసం డబ్బిచ్చే చట్టం 1992 దాకా రాలేదు. ఆ మధ్యకాలంలో పడవల వాళ్ళు టాంకులు పెట్టుకోలేక పెట్టుకున్నారు. చట్టం వచ్చింది గానీ పడవలో జాగా రాలేదు కదా. ముందు పడక కింద మిగిలిన మూలలోకి ఒక టాంకు, అక్కడికి సొరుగుల వెనకనుంచి వంకర్లు తిరిగిన గొట్టం, గాలి పోవడానికి 16 మిల్లీమీటర్ల సన్నపైపు, దాని చివర పురుగులు దూరకుండా జల్లెడ. మావాడి పడవ అచ్చం ఇదే.

మురుగులో రెండు రకాల సూక్ష్మజీవులుంటాయి. గాలి దొరికినవి మలాన్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి, దానికి వాసన లేదు. గాలి దొరకనప్పుడు రెండోరకం చెలరేగుతుంది. అవి సల్ఫేట్‌తో ఊపిరి పీల్చి హైడ్రోజన్ సల్ఫైడ్ వదుల్తాయి. పెరట్లో తిరగేస్తున్న ఎరువుకుప్ప కంపు కొట్టదు, అదే కదపకుండా నీళ్ళలో నానిస్తే వీధంతా కొడుతుంది, ఇదీ అంతే. పైగా సముద్రపు నీటిలో లీటరుకు రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేట్ ఉంటుంది. ఆ నీళ్ళతో ఫ్లష్ చేసినవాడు రెండోరకానికి విందు పెట్టినట్టే. నీలిమందు రెండు రకాల్నీ చంపుతుంది. మందు పని అయిపోగానే, గాలి లేదు కాబట్టి, తిరిగొచ్చేది కంపుకొట్టే రకమే.

ఇది నాకు పుస్తకం చెప్పింది కాదు. అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందంలో మురుగు గురించిన నాలుగో అనుబంధం 2003లో అమల్లోకి వచ్చింది. పెద్ద ఓడల్లో అంతకు చాలా ముందునుంచే శుద్ధి టాంకులుండేవి. వాటి పోషణ ఫోర్త్ ఇంజనీరుది, అంటే అందరికన్నా కుర్ర ఇంజనీరుది. ఎందుకో చెప్పక్కర్లేదు. బ్లోయర్ గాలి బుడగలు తోస్తున్నంతసేపూ టాంకులో నీళ్ళు చాక్లెట్ రంగులో, తడిమట్టి వాసనతో ఉంటాయి. బ్లోయర్ ఆగితే బూడిదరంగు, ఆపైన నలుపు. ఎవరో శుభ్రత పిచ్చి ఉన్నవాడు బాత్‌రూముల్లో బ్లీచింగ్ గుమ్మరించినా అంతే, సూక్ష్మజీవులు చస్తాయి. మేం మీటర్లు చూడకముందే రంగు చూసేవాళ్ళం. వాసన తగ్గితే సంతోషించవద్దని కూడా నేర్పేవారు: గాలిలో పది లక్షల్లో వంద పాళ్ళు హైడ్రోజన్ సల్ఫైడ్ చేరితే ముక్కు మొద్దుబారుతుంది, కంపు పోయిందనుకుంటాం, పోయేది మనం.

చిన్న పడవల వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పింది పెగ్గీ హాల్ అనే అమెరికన్ మహిళ. పడవ కంపుల మీదే 2003లో ఒక పుస్తకం రాసింది. టాంకులోకి గాలి పోనివ్వండి, గాలి గొట్టం కనీసం అంగుళం వెడల్పుండాలి, పొట్టిగా, వంకర్లు లేకుండా ఉండాలి, వీలైతే పడవకి రెండు వైపులా రెండు పెట్టండి అని ఆమె మాట. హేల్స్ ఫాదరీ వింటే తన మాటే అనుకునేవాడు.

మావాడి పడవలో సన్నపైపు పీకి అంగుళం గొట్టం వేశాం. పాత పైపు నిండా కందిరీగల మట్టిగూడు. ఆ తరవాత గొట్టాల పరీక్ష: గుడ్డని వేడినీళ్ళలో ముంచి, మురుగు గొట్టం చుట్టూ గట్టిగా తుడిచి, చల్లారాక వాసన చూడాలి. గుడ్డ కంపు కొడితే గొట్టంలోంచే కంపు ఊరుతోందని అర్థం. మురుగు నిలిచిన వంపు దగ్గర కొట్టింది. ఆ గొట్టం తీసి, నీళ్ళు నిలవకుండా వాలుగా కొత్తది వేశాం. లోపల సున్నంలా పేరుకునే గారకి వెనిగర్ చాలు. అది కరుగుతుంది. కెప్టెన్ కుక్ వెనిగర్ దేనికి వాడాడో, మేం దేనికి వాడామో వేరు.

అయినా వారం తరవాత మొదటి ఫ్లష్‌కి మళ్ళీ గుప్పుమంది. మావాడు నావైపు చూశాడు. అది టాంకుది కాదు, నీళ్ళు లోపలికి తెచ్చే గొట్టానిది. అందులో నిలిచిన సముద్రపు నీటిలో కంటికి కనపడని జీవులు చచ్చి కుళ్ళుతాయి. మంచినీటి టాంకుని టాయిలెట్‌కి నేరుగా కలపకూడదు, తాగే నీళ్ళు పాడవుతాయి. అందుకని వాష్‌బేసిన్ కింది గొట్టాన్ని టాయిలెట్ నీటిగొట్టంలో కలిపాం. ఇప్పుడు పడవ కట్టేసి దిగేముందు సముద్రం వైపు కవాటం మూసి, బేసిన్ నిండా మంచినీళ్ళు పోసి పంపు కొడతాడు.