మౌత్ టాక్ (తెలుగు సినిమా)

సినిమా చూసి బయటకు వచ్చిన ప్రేక్షకులు ఆ సినిమాను గురించి తోటివారితో చెప్పుకొనే అభిప్రాయాన్ని తెలుగు సినిమా రంగంలో మౌత్ టాక్ లేదా క్లుప్తంగా టాక్ అంటారు. పత్రికలలో దీనికి నోటిమాట, నోటి ప్రచారం అనే పదాలు కూడా కనిపిస్తాయి. ఇందులోని రెండు మాటలూ ఆంగ్లంనుండి వచ్చినవే అయినా, వాటిని ఈ విధంగా జతచేసి వాడుకొన్నది మాత్రం ఇక్కడివారే. నిర్మాత ఇచ్చే ప్రకటనలకు, విమర్శకుడు వ్రాసే సమీక్షకు భిన్నంగా టాక్‌కు కర్త ఎవరో తెలియదు. అయినప్పటికీ ఒక చిత్రం ఎన్ని రోజులు ఆడుతుందో నిర్ణయించడంలో దీనికున్న బలం మిగిలిన రెంటికీ లేదని పంపిణీదారులు మొదటినుండి భావిస్తూ వచ్చారు.

పదజాలం

టాక్‌ను వర్ణించడానికి ప్రేక్షకులు, వ్యాపారులు కలసి ఒక చిన్న పరిభాషనే ఏర్పరచుకొన్నారు. హిట్ టాక్, ఫ్లాప్ టాక్ అన్నవి సులభంగా అర్థమయ్యేవే. డివైడ్ టాక్ అనేది కొంత ప్రత్యేకమైనది. సినిమా ఓ మోస్తరుగా ఉన్నదని దీని అర్థం కాదు. కొందరు చాలా బాగుందని, మరికొందరు ఏమీ బాగాలేదని చెప్పినప్పుడు మాత్రమే ఈ మాట వాడతారు. ఓ మోస్తరు సినిమాకు యావరేజ్ అన్న పదం వేరుగా ఉన్నది. "ఒకసారి చూడవచ్చు" అన్న తీర్పు అన్నిటికంటే తరచుగా వినిపిస్తుంది. చెప్పేవారి గొంతును బట్టి దీనిని మెప్పుగానో, మర్యాదతో కూడిన తిరస్కారంగానో అర్థం చేసుకోవలసి ఉంటుంది. "ఇంటిల్లిపాదీ చూడవచ్చు" అన్న మాట పడితే మాత్రం మాట్నీకి మహిళా ప్రేక్షకులు వస్తారని థియేటరు యజమానులు ధైర్యపడతారు.

విశ్రాంతి ఉండటం వలన తెలుగు ప్రేక్షకుడు సినిమాను రెండు ముక్కలుగా తూచడం అలవాటు చేసుకొన్నాడు. ఫస్టాఫ్ పరవాలేదు, సెకండాఫ్ సాగింది అన్న ధోరణిలో అభిప్రాయం చెప్పడం సర్వసాధారణం. నిజానికి సినిమా పూర్తికాకముందే, విశ్రాంతి సమయంలో సోడాలు, సమోసాలు అమ్మేచోటనే టాక్ మొదలవుతుంది. సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత ఆ సగం తీర్పు కూడా అక్కడినుండే ఊరంతా చేరిపోతున్నది.

పూర్వకాలంలో

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. అప్పటినుండి కొన్ని దశాబ్దాలపాటు ఒక చిత్రానికి తీసే ప్రింట్లు చాలా తక్కువగా ఉండేవి. ముందుగా విజయవాడ, మద్రాసు, హైదరాబాదు వంటి పట్టణాలలో ఆడిన తరువాతే చిత్రం చిన్న ఊళ్ళకు, అక్కడినుండి డేరాలలో నడిచే టూరింగ్ టాకీసులకు వెళ్ళేది. సినిమా పెట్టె ఊరికి చేరడానికి నెలలు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ కాలం పట్టేది. కాని ఆ సినిమా ఎలా ఉన్నదో ముందే తెలిసిపోయేది. పట్నంలో చదువుకొంటూ సెలవులకు వచ్చిన విద్యార్థి, పెళ్ళికి వెళ్ళివచ్చిన చుట్టం, సరుకులకు వెళ్ళిన వర్తకుడు ఆ కబురు మోసుకొచ్చేవారు. వీరు అభిప్రాయం చెప్పడంతో ఆగేవారు కాదు. అరుగుమీద కూర్చొని కథ మొత్తం, పాటలు వచ్చే సందర్భాలతో సహా, చెప్పేవారు. ముగింపు ముందే తెలిస్తే ఆసక్తి పోతుందన్న భయం ఆనాటి శ్రోతలలో అంతగా ఉండేది కాదు. పౌరాణిక చిత్రాలకు అసలు ఆ ప్రశ్నే లేదు.

ఊళ్ళో సినిమా వచ్చినట్లు తెలపడానికి రిక్షా లేదా జట్కాకు అట్టలు కట్టి, మైకులో చెబుతూ కరపత్రాలు పంచేవారు. ఆ ప్రచారం మొదటి ఆటకు జనాన్ని తెచ్చేది. రెండవరోజున నేల, బెంచీ తరగతులు నిండటం మాత్రం మొదటి ఆట చూసినవారి మాటమీదనే ఆధారపడి ఉండేది.

టాక్ నిలబెట్టిన చిత్రాలు

దీనికి ప్రధాన ఉదాహరణగా శంకరాభరణం చిత్రాన్ని చెబుతారు. కె.విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఈ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలయింది. శాస్త్రీయ సంగీతం ఇతివృత్తం, పేరున్న కథానాయకుడు లేడు, ప్రధానపాత్రధారి జె.వి.సోమయాజులు అప్పటికి సినిమా ప్రేక్షకులకు అంతగా పరిచయం లేని రంగస్థల నటుడు. కొనడానికి పంపిణీదారులు వెనుకాడారు. మొదటి రోజులలో థియేటర్లు పలుచగా ఉన్నాయి. చూసినవారు ఇతరులకు చెప్పడం, తామే రెండవసారి ఇంట్లోవారిని వెంటబెట్టుకొని రావడంతో వసూళ్ళు పెరిగాయి. తమిళనాడు, కర్ణాటకలలో కూడా ఈ చిత్రం తెలుగు మాటలతోనే ఆడింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. ఖాళీగా ఉన్న హాలులో ఆ సినిమాను కొన్ని రోజులైనా ఉంచినందువల్లనే టాక్ వ్యాపించడానికి వ్యవధి దొరికింది.

కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరి 1990 మే 9న విడుదలైన రోజునే కోస్తా ఆంధ్రను పెనుతుపాను తాకింది. రాకపోకలు స్తంభించాయి, అనేకచోట్ల థియేటర్లలోకి నీరు చేరింది. అయినా వానలు తెరిపి ఇవ్వగానే ప్రేక్షకులు థియేటర్లకు వెల్లువెత్తారు. శేఖర్ కమ్ముల చిత్రం ఆనంద్ 2004 అక్టోబరు 15న, చిరంజీవి నటించిన శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్. విడుదలైన రోజునే, తక్కువ ప్రింట్లతో వచ్చింది. ముందు పట్టణ యువత, తరువాత కుటుంబ ప్రేక్షకులు దానిని ఆదరించారు.

2023 మార్చి 3న విడుదలైన బలగం విషయంలో టాక్ థియేటరు దాటి పోయింది. తెలంగాణ పల్లెలో ఒక ఇంటి పెద్ద మరణం, పిండాన్ని కాకి ముట్టకపోవడం చుట్టూ అల్లిన ఈ కథను గ్రామాలలో ఆరుబయట తెరలు కట్టి సామూహికంగా ప్రదర్శించుకొన్నారు. విడిపోయిన అన్నదమ్ములు ఈ సినిమా చూసి మళ్ళీ కలిశారన్న వార్తలు కూడా పత్రికలలో వచ్చాయి.

మొదటి మూడు రోజులు

సాధారణంగా పంపిణీదారుడు (వాడుకలో బయ్యరు) నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర వంటి ఒక ప్రాంతపు హక్కులను విడుదలకు ముందే కొంటాడు. సినిమాను ప్రేక్షకులు చూడకముందే సొమ్ము చేతులు మారుతుంది కాబట్టి, ఫ్లాప్ టాక్ వలన ముందుగా దెబ్బతినేది ఇతడే. డిజిటల్ ప్రదర్శన వచ్చిన తరువాత పెద్ద చిత్రాలను ఒకేసారి వందలాది తెరలమీద విడుదల చేసి, శుక్ర, శని, ఆదివారాలలోనే పెట్టుబడిలో అధికభాగం రాబట్టుకొనే పద్ధతి స్థిరపడింది. టాక్ బయటకు పొక్కేలోగా వసూలు చేసుకోవడం ఇందులోని ఒక ఉద్దేశం. సోమవారపు వసూళ్ళనుబట్టి అసలు ఫలితం తేలుతుందన్న నమ్మకంతో వ్యాపారవర్గాలు దీనిని మండే టెస్ట్ అంటాయి. పేరున్న నటులు లేని చిన్న చిత్రానికి ఈ పద్ధతి చాలా నష్టం కలిగిస్తున్నది. శంకరాభరణానికి దొరికిన వ్యవధి దానికి దొరకదు, సోమవారానికి తెర మరొక చిత్రానికి వెళ్ళిపోతుంది. అందువలన పెళ్ళి చూపులు (2016), కేరాఫ్ కంచరపాలెం (2018) వంటి చిత్రాల నిర్మాతలు విడుదలకు ముందే ప్రదర్శనలు ఏర్పాటు చేసి టాక్‌ను ముందుగా పుట్టించే మార్గం ఎంచుకొన్నారు.

అభిమానులకోసం తెల్లవారుజామున వేసే బెనిఫిట్ షోలు కూడా టాక్‌కు మూలమే. అయితే అక్కడినుండి వచ్చే మాటను అనుభవమున్న ప్రేక్షకులు సగానికి సగం తగ్గించి వింటారు. అభిమాని ఎలాగూ బాగుందనే అంటాడు, పోటీ నటుని అభిమాని బాగాలేదనే అంటాడు. అందుచేత మాట్నీ చూసిన సామాన్య ప్రేక్షకుని మాటకోసం ఎదురుచూడటం చాలామందికి అలవాటు. అమెరికాలో ప్రీమియర్లు గురువారం సాయంత్రమే మొదలవుతాయి కాబట్టి, ఇక్కడ కోడికూసే వేళకే అక్కడి తెలుగువారి అభిప్రాయం వచ్చి చేరుతున్నది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరులో పుష్ప 2 ప్రీమియర్ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది. దీని తరువాత బెనిఫిట్ షోలకు అనుమతి ఇవ్వబోమని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2025లో కొన్ని చిత్రాలకు మళ్ళీ ప్రత్యేక అనుమతులు లభించాయి.

సమీక్షలు, వివాదాలు

కొడవటిగంటి కుటుంబరావు వంటి రచయితలు సినిమాలపై విమర్శనాత్మక వ్యాసాలు వ్రాశారు. విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర వంటి పత్రికల పాఠకులకు సినిమా సంగతులు చర్చించుకోవడం నిత్యకృత్యంగా ఉండేది. సమీక్ష వారం తరువాత వచ్చే ఆ రోజులలో దానికీ టాక్‌కూ తగాదా రాలేదు. సమీక్ష మొదటి ఆటతోపాటే వెలువడటం, థియేటరు గుమ్మంలో కెమెరాలు పెట్టి ప్రేక్షకులచేత మాట్లాడించడం మొదలయ్యాక నిర్మాతలు అభ్యంతరం చెప్పసాగారు. కేరళ హైకోర్టుకు 2024 మార్చిలో న్యాయస్థాన సహాయకుడు సమర్పించిన నివేదికలో విడుదలైన 48 గంటలవరకు సమీక్షలు చేయరాదన్న సూచన ఉన్నది. మొదటి మూడు రోజులు సమీక్షలను నిలిపివేయాలని తమిళ నిర్మాతల సంఘం కోరగా, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు అటువంటి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. డబ్బులిచ్చి వ్రాయించిన తప్పుడు ప్రచారం వేరు, టికెట్టు కొన్నవాడు తనకు నచ్చలేదని చెప్పడం వేరు. నిర్మాతల వాదనలో ఈ రెండూ తరచుగా కలసిపోతుంటాయి.

మారిన తీర్పులు

టాక్ ఒకసారి స్థిరపడితే మారదన్న అభిప్రాయానికి కొన్ని చిత్రాలు మినహాయింపుగా నిలిచాయి. 2010లో కొద్ది వారాల తేడాతో విడుదలైన ఖలేజా, ఆరెంజ్ రెండూ థియేటర్లలో విఫలమయ్యాయి. తరువాతి సంవత్సరాలలో ఖలేజా టెలివిజన్ ద్వారా, ఆరెంజ్ ముఖ్యంగా పాటల ద్వారా కొత్త అభిమానులను సంపాదించుకొన్నాయి. తిరిగి విడుదల చేసినప్పుడు (ఆరెంజ్ 2023 మార్చిలో, ఖలేజా 2025 మే 30న) రెండింటికీ మంచి ఆదరణ లభించింది. మొదటి విడుదలనాటికి చిన్నపిల్లలుగా ఉన్నవారు ఆ ప్రేక్షకులలో పెద్దసంఖ్యలో ఉన్నారు.